నీళ్ళు పోసేకొద్దీ బయటికొచ్చిన మందు: కరగని పొడితో ఏడు నెలల కేసు

వయల్‌లో ద్రావణం తేటగా ఉంది, వెలుతురుకి పెట్టి చూస్తే ఒక్క నలుసు కూడా లేదు. అందులోంచి 1 మిల్లీలీటరు తీసి 9 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపాం. ఒక నిమిషం ఏమీ కాలేదు. రెండో నిమిషానికి పొగ కమ్మినట్టు మసక, పది నిమిషాలకి అడుగున సూదుల్లాంటి తెల్లటి స్ఫటికాలు. పక్కనే నిలబడి చూస్తున్న జూనియర్ అడిగాడు: "సార్, కొంచెం ద్రవంలో అంత బాగా కరిగి ఉన్నది, ఇంకా నీళ్ళు పోస్తే ఎందుకు బయటికొస్తుంది? ఇంకా బాగా కరగాలి కదా?"

మంచి ప్రశ్న. జవాబు చెప్పడానికి ఆ రోజు నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆ జవాబుకి తగ్గట్టు మందుని మార్చడానికి మాత్రం మొత్తం ఏడు నెలలు పోయాయి, అందులో కనీసం రెండు నెలలు నా పొరపాటు వల్లే.

ముందు కేసు సంగతి. నేను ఫార్ములేషన్ కెమిస్ట్‌ని. అణువుని తయారుచేసేది వేరే టీమ్, దాన్ని ఒంట్లోకి పంపగలిగే రూపంలోకి తేవడం మా పని. ఈ అణువు పేరు చెప్పలేను కాబట్టి 'పొడి' అనే అంటాను. అణుభారం దాదాపు 300, 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ద్రవమవుతుంది, రెండు చదునైన రింగులు, మధ్యలో ఒక అమైడ్ (కార్బన్-ఆక్సిజన్ జంట పక్కన ఎన్‌హెచ్ ఉండే గుంపు). ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. కావాల్సింది మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ద్రావణం. ఎక్కించే ముందు దాన్ని సెలైన్‌లో పల్చన చేస్తారు. పల్చన చేశాక 24 గంటలు తేటగా ఉండాలి. రక్తనాళంలోకి స్ఫటికాలు పోకూడదు, ఇందులో బేరాల్లేవు.

ఈ పొడి నీళ్ళలో మిల్లీలీటరుకి 0.06 మిల్లీగ్రాములే కరిగింది. అంటే మాకు కావాల్సిన దానికి 160 రెట్లకు పైగా తక్కువ.

నా పొరపాటు ఇక్కడే మొదలైంది.

నీళ్ళలో కరగలేదు కాబట్టి నూనెలో కరుగుతుందని అనుకున్నాను. ఒకే రకం స్వభావం ఉన్నవి ఒకదానిలో ఒకటి కరుగుతాయని స్కూల్ నుంచీ చదువుకున్నదే కదా. పైగా చేతిలో ఒక అంకె కూడా ఉంది: లాగ్ పి 2.1. ఆక్టనాల్ అనే ద్రవాన్నీ నీళ్ళనీ ఒకే సీసాలో పెట్టి ఈ అణువుని వేస్తే, నీళ్ళలో ఒక పాలు ఉన్నచోట ఆక్టనాల్ వైపు సుమారు 126 పాళ్ళు చేరుతుందని దాని అర్థం. 0.06ని 126తో హెచ్చిస్తే ఏడున్నర. నూనెలో కనీసం ఏడు మిల్లీగ్రాములు కరుగుతుంది, ఆపైన ఆ నూనెని సన్నటి బొట్లుగా నీళ్ళలో కలిపి ఎమల్షన్ చేసేద్దామని ప్లాన్ వేసేశాను. నూనెలో కరిగింది 0.4. హెక్సేన్‌లో అయితే కొలవడానికి కూడా అందలేదు. నీళ్ళూ వద్దు, నూనే వద్దు అనే పొడి! ఎమల్షన్ కోసం తెప్పించిన సరుకంతా షెల్ఫ్‌లోనే ఉండిపోయింది.

ఏది ఎందులో కరుగుతుందని అడిగినప్పుడు మనం రెండు పేర్లే చూస్తాం, కరిగేదీ, కరిగించేదీ. రెండింటికీ పొత్తు కుదురుతుందా లేదా అని చూసి తీర్పు చెప్పేస్తాం. కానీ లెక్కలో పద్దులు మూడు. పొడిలోని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు విడిపించాలి, అది ఖర్చు. ద్రవంలోని అణువులు కూడా ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి, కొత్త అణువుకి చోటివ్వాలంటే అవి కొంచెం జరగాలి, అది రెండో ఖర్చు. ఆ తర్వాత కొత్త అణువుకీ ద్రవానికీ మధ్య ఏర్పడే ఆకర్షణ జమ. వీటికి తోడు, అన్నీ కలగాపులగం అయిపోవడానికి ప్రకృతికి ఉండే మొగ్గు, అదే ఎంట్రొపీ, మామూలుగా కరగడం వైపే తూగుతుంది. నేను చూసింది జమ ఒక్కటే. ఈ పొడి ఎక్కడికి పోతుందని చూశాను గానీ, దేన్ని వదిలి రావాలో చూడలేదు.

మామూలు ఉప్పునే తీసుకోండి. సోడియం, క్లోరైడ్ అయాన్లను స్ఫటికంలోంచి పూర్తిగా విడదీయాలంటే మోల్‌కి సుమారు 787 కిలోజౌళ్ళు కావాలి. అది చాలా పెద్ద ఖర్చు. నీళ్ళు ఆ అయాన్ల చుట్టూ చేరి దాదాపు అంతా తిరిగిచ్చేస్తాయి, ఓ 4 కిలోజౌళ్ళు మాత్రం తక్కువ పడతాయి. ఆ లోటుని ఎంట్రొపీ పూడుస్తుంది. అందుకే గది వేడిమి దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్ళలో దాదాపు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. మరి సిల్వర్ క్లోరైడ్ కూడా లవణమే కదా? లీటరు నీళ్ళలో దాదాపు 2 మిల్లీగ్రాములు, అంతే. వెండి, క్లోరైడ్ అయాన్ల మధ్య పట్టు ఉత్త ప్లస్ మైనస్ ఆకర్షణ కంటే గట్టిది, ఆ ఖర్చు నీళ్ళు భరించలేవు. 'లవణాలు నీళ్ళలో కరుగుతాయి' అనే సూత్రం అక్కడే ఆగిపోతుంది.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఆంత్రసీన్, ఫినాంత్రీన్. రెండింటిలోనూ 14 కార్బన్లు, 10 హైడ్రోజన్లు, రెండూ మూడు రింగులవే. ఒకదానిలో రింగులు వరసగా ఉంటాయి, రెండోదానిలో వంపు తిరిగి ఉంటాయి. బెంజీన్‌తో రెండింటికీ స్వభావం అచ్చంగా కలుస్తుంది. అయినా గది వేడిమి దగ్గర ఫినాంత్రీన్ బెంజీన్‌లో మోల్ లెక్కన దాదాపు 20 శాతం దాకా కరుగుతుంది, ఆంత్రసీన్ 1 శాతం కూడా దాటదు. వరసగా ఉన్న అణువులు చక్కగా పేర్చుకుని కూర్చుంటాయి, అందుకే ఆంత్రసీన్ సుమారు 216 డిగ్రీల దాకా కరగదు, ఫినాంత్రీన్ 100 దగ్గరే కరిగిపోతుంది. తేడా అంతా స్ఫటికంలోనే ఉంది, ద్రవం చేసిన తప్పేమీ లేదు.

మా ఫీల్డ్‌లో దీనికి మొరటు పేర్లున్నాయి. నీళ్ళలో కరగని మందుల్లో కొన్ని జిడ్డు ముద్దలు, కొన్ని ఇటుక పొడి. జిడ్డు ముద్దకి నీళ్ళే పడవు, నూనె చూపిస్తే సంతోషంగా కరిగిపోతుంది. ఇటుక పొడికి తన స్ఫటికాన్ని వదలడమే ఇష్టం ఉండదు, ఏ ద్రవం చూపించినా ఒకటే మొండితనం. ఎవరు ఏ రకమో తేల్చడానికి యాల్కోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త ఇచ్చిన ఒక తేలిక లెక్క ఉంది. నీళ్ళలో కరిగే మోలార్ గాఢత (లీటరుకి ఎన్ని మోల్‌లు) లాగరిథమ్ కావాలంటే, 0.5 లోంచి రెండు తీసేయాలి. ఒకటి లాగ్ పి. రెండోది మెల్టింగ్ పాయింట్‌లోంచి 25 తీసేసి, మిగిలినదానిలో నూరో వంతు. మా పొడికి లాగ్ పి వాటా 2.1, స్ఫటికం వాటా 2.07. దాదాపు సమానం! మొత్తం మైనస్ 3.67, అంటే మిల్లీలీటరుకి 0.064 మిల్లీగ్రాములు. స్ఫటికం వాటా లేకపోయి ఉంటే నీళ్ళలోనే ఏడు మిల్లీగ్రాముల పైన కరిగేదని కూడా ఈ లెక్కే చెబుతోంది. రెండు నిమిషాల పని ఇది, నేను మొదటి రోజు చేయలేదు.

మరి నూనెలో ఏడు రావాల్సింది 0.4 ఎందుకొచ్చింది? ఇది స్ఫటికం మీదకి నెట్టడానికి లేదు, ఎందుకంటే ఆ ఖర్చు ఏ ద్రవంలోనైనా ఒకటే. తప్పు నా పోలికలో ఉంది. ఆక్టనాల్ నూనె కాదు. దానికి ఒక చివర ఓహెచ్ గ్రూపుంది, అది హైడ్రోజన్ బంధం ఇవ్వనూ గలదు, పుచ్చుకోనూ గలదు. మా పొడిలో ఉన్న అమైడ్‌కి కావాల్సిందే అది. నూనెలో ఉన్నవి పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసులు, అక్కడక్కడా ఎస్టర్లు. ఎస్టర్ హైడ్రోజన్ బంధాన్ని పుచ్చుకుంటుంది గానీ ఇవ్వలేదు. హెక్సేన్ రెండూ చేయలేదు. లాగ్ పి చూసి 'నూనెని ఇష్టపడే అణువు' అనడం మా వాళ్ళందరికీ ఉన్న అలవాటే, అది చెప్పేది ఆక్టనాల్ సంగతి మాత్రమేనని గుర్తుండదు.

నూనెకీ నీళ్ళకీ పడదని అంటాం గానీ నిజానికి నూనె అణువుకీ నీటి అణువుకీ మధ్య కూడా ఆకర్షణ ఉంది. నీళ్ళకి తమలో తమకున్న పట్టు అంతకంటే చాలా ఎక్కువ, అంతే. గది వేడిమి దగ్గర నూనె అణువు చుట్టూ నీళ్ళు తమ బంధాలు పోగొట్టుకోకుండా ఒక క్రమంలో సర్దుకుంటాయి, ఆ సర్దుబాటు వల్ల ఎంట్రొపీ తగ్గుతుంది, నష్టం అక్కడ. మామూలుగా కరగడానికి సాయం చేసే పద్దే ఇక్కడ అడ్డం తిరుగుతుంది.

తర్వాత వరసగా సాల్వెంట్లు, అంటే కరిగించే ద్రవాలు, ప్రయత్నించాం. డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రవంలో 100 మిల్లీగ్రాములు దాటి కరిగింది, ఎంత దాకా పోతుందో కొలవడం మానేశాం. దాని ఆక్సిజన్ హైడ్రోజన్ బంధాన్ని గట్టిగా పుచ్చుకుంటుంది, కానీ దానికి తనవాళ్ళకి ఇచ్చుకోవడానికి ఓహెచ్ గానీ ఎన్‌హెచ్ గానీ లేదు. అందుకే మా అమైడ్ ఎన్‌హెచ్ కనపడగానే పట్టుకుంటుంది. 1967లో హాన్సెన్ ప్రతిపాదించిన మూడు అంకెల పద్ధతి ఇలాంటి చోట పనికొస్తుంది. అంతకుముందు హిల్డెబ్రాండ్ ప్రతి ద్రవానికీ ఒకే అంకె ఇచ్చాడు, హాన్సెన్ దాన్ని మామూలు ఆకర్షణ, ధ్రువ ఆకర్షణ, హైడ్రోజన్ బంధం అని మూడుగా విడగొట్టాడు. విడివిడిగా కరిగించలేని రెండు ద్రవాలు కలిస్తే కరిగించగలగడం లాంటి వింతలు ఈ లెక్కతోనే అర్థమవుతాయి, మిశ్రమం అంకెలు రెండింటికీ మధ్యలో పడతాయి కాబట్టి.

డీఎంఎస్‌ఓనే వాడేయొచ్చు కదా అని ప్రాజెక్ట్ మీటింగ్‌లో ఒకరు అన్నారు. మాకు కావాల్సినంత మోతాదులో దాన్ని నరంలోకి ఎక్కించలేం. కరిగిస్తే చాలు అనుకోవడం ఎక్కడికి దారితీస్తుందో 1937లో అమెరికాలో తేలింది. సల్ఫానిలమైడ్ అనే బాక్టీరియా మందుని ద్రవరూపంలో అమ్మాలనుకున్న ఒక కంపెనీ, అది బాగా కరుగుతోందని డైఇథిలీన్ గ్లైకాల్ వాడింది. మందు బ్రహ్మాండంగా కరిగింది. ద్రావణి విషం. పిల్లలతో సహా 100 మందికి పైగా చనిపోయారు, మరుసటి ఏడాదే అక్కడ మందుల భద్రత చట్టం వచ్చింది. నేను ఆ మీటింగ్‌లో ఈ కథ చెప్పాను, తర్వాత ఎవరూ డీఎంఎస్‌ఓ మాట ఎత్తలేదు.

పీహెచ్ మార్చి చూద్దామని జూనియర్ అడిగాడు. ఐబుప్రొఫెన్ లాంటి ఆమ్లం అయితే అది చక్కటి దారి, పీహెచ్ 7 దాటితే అణువు అయాన్‌గా మారి ఎన్నో రెట్లు ఎక్కువ కరుగుతుంది. మా పొడికి ఇచ్చుకోవడానికి ప్రోటాన్ లేదు, పుచ్చుకునే చోటూ లేదు. అయినా చేసి చూడమన్నాను, చేశాడు, పీహెచ్ 2 నుంచి 10 దాకా గీత బల్లపరుపుగా వచ్చింది. సబ్బులా పనిచేసే సర్ఫాక్టెంట్ కూడా చూశాం, చాలినంత రాలేదు.

మిగిలింది పీఈజీ 400, అంటే నీళ్ళలో కలిసిపోయే పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రవం. అందులో 30 మిల్లీగ్రాములు కరిగింది. పీఈజీ 90 పాళ్ళు, నీళ్ళు 10 పాళ్ళు వేస్తే 16. మాకు కావాల్సింది 10, చేతిలో మార్జిన్ కూడా ఉంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మొదట్లో చెప్పిన ఆ తేట వయల్ ఇదే.

ఇప్పుడు జూనియర్ ప్రశ్న. నీళ్ళు పోస్తే రెండు జరుగుతాయి. మందు గాఢత తగ్గుతుంది, అది నేరుగా వంతుల్లో తగ్గుతుంది, పది రెట్లు పల్చన చేస్తే పదో వంతు. కానీ పీఈజీ శాతం తగ్గేకొద్దీ ద్రవానికి ఉన్న కరిగించే శక్తి వంతుల్లో తగ్గదు, లాగరిథమ్‌లో తగ్గుతుంది, అంటే జారుడుబల్ల మీద పడ్డట్టు పడిపోతుంది. ఆ రోజు బోర్డు మీద రాసిన లెక్క ఇది. రెండు రెట్లు పల్చన చేస్తే మందు 5 మిల్లీగ్రాములు, పీఈజీ 45 శాతం దగ్గర కరగగలిగేది 1 లోపే. పది రెట్లకి మందు 1, కరగగలిగేది 0.1. వంద రెట్లకి మందు 0.1, కరగగలిగేది 0.06 పైచిలుకు. రెండు వందల రెట్లకి మందు 0.05కి దిగుతుంది, అప్పుడు మాత్రం మళ్ళీ తేట. అంటే మొదటా చివరా బాగానే ఉంటుంది, మధ్యలో ఉన్న దారంతా గుంట. మనం వాడేది ఆ మధ్యలోనే.

"అయితే మొదటి నిమిషం ఎందుకు తేటగా ఉంది?" అన్నాడు. కరగగలిగిన దానికంటే ఎక్కువ ఉన్నంత మాత్రాన స్ఫటికం వెంటనే పుట్టదు. కొన్ని అణువులు సరైన వరసలో ఒకచోట చేరి ఒక బీజం ఏర్పడాలి. అది పుట్టేదాకా ద్రావణం ఇబ్బందిగానే అయినా నిలబడి ఉంటుంది. ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి రోజంతా. అందుకే 'మా టెస్ట్‌లో రెండు గంటలు తేటగానే ఉంది' అన్న మాట నేను అస్సలు నమ్మను.

ఆ సూదుల్ని ఫిల్టర్ చేసి ఎక్స్‌రే తీయిస్తే ఇంకో సంగతి బయటపడింది. అవి మేం వేసిన పొడి స్ఫటికాలు కావు. వేడి చేస్తే 5.6 శాతం బరువు పోయింది, అంటే ఒక్కో అణువుకి ఒక్కో నీటి అణువు. నీళ్ళు తగలగానే మా మందు నీటిని లోపలికి చేర్చుకున్న కొత్త స్ఫటికంగా మారుతోంది, ఇలాంటి హైడ్రేట్ నీళ్ళలో ఇంకా తక్కువ కరుగుతుంది. పాత నోట్‌బుక్ తిరగేస్తే సాక్ష్యం అక్కడే ఉంది: గంట షేకర్ మీద పెట్టినప్పుడు నీళ్ళలో 0.11, 48 గంటలకి 0.06. అప్పట్లో గంట రీడింగ్‌ని ఎవరో శాంపిల్ తీయడంలో పొరపాటని కొట్టేశారు. (ఆ 'ఎవరో' నేనే.) యాల్కోవ్‌స్కీ లెక్క అంత దగ్గరగా వచ్చిందని సంబరపడ్డాం కదా, అది నీళ్ళు లేని స్ఫటికానికి వేసిన లెక్క, మేం పోల్చింది నీళ్ళు చేరిన స్ఫటికంతో. కాకతాళీయం. ఆ లెక్క రెండు మూడు రెట్లు అటూఇటూ పోవడం మామూలే.

స్ఫటికం మారితే ఏమవుతుందో చూపించిన పెద్ద కేసు రిటోనవిర్. 1996లో మార్కెట్‌లోకి వచ్చిన హెచ్ఐవీ మందు. 1998లో అదే అణువు అంతవరకూ ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపంలో దిగింది, అది చాలా తక్కువ కరిగేది, దాంతో ఆ క్యాప్సూల్స్‌ని మార్కెట్ నుంచి తీసేసి మందుని మళ్ళీ తయారుచేసుకోవాల్సి వచ్చింది. అణువులో ఒక్క పరమాణువు కూడా మారలేదు.

సాల్వెంట్ మిశ్రమాలతో ఎంత తిప్పలు పడ్డా ఆ జారుడుబల్ల పోదని అప్పటికి ఒప్పుకున్నాను. పల్చన చేసినప్పుడు మందు ఎంత తగ్గితే కరిగించే శక్తి కూడా అంతే తగ్గాలి. అలా చేసేది సైక్లోడెక్స్ట్రిన్. గ్లూకోజ్ యూనిట్లు గుండ్రంగా చేరిన ఉంగరం, బయటంతా నీళ్ళకి ఇష్టమైన ఓహెచ్‌లు, లోపల పెద్దగా ధ్రువత లేని గుల్ల. మందు అణువులో చదునైన రింగు ఆ గుల్లలో దూరి కూర్చుంటుంది. ఒక ఉంగరానికి ఒక అణువు అయితే, ఉంగరాలు ఎన్ని వేస్తే కరిగే మందు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 1965లో హిగుచి, కానర్స్ వివరించిన పద్ధతిలో గ్రాఫ్ గీస్తే మాకు నేరుగా సరళరేఖ వచ్చింది.

ఇక్కడ కూడా అదే పాత కథ ఇంకో వేషంలో. ఏడు గ్లూకోజ్‌ల బీటా ఉంగరం మా అణువుకి సరైన సైజు. కానీ ఆరు గ్లూకోజ్‌ల ఆల్ఫా మిల్లీలీటరు నీళ్ళలో 145 మిల్లీగ్రాములు, ఎనిమిదింటి గామా 232 కరిగితే, మధ్యలో ఉన్న బీటా 18.5 దగ్గర ఆగిపోతుంది. బయటంతా ఓహెచ్‌లే ఉన్నా సరే! బీటాలో ఆ ఓహెచ్‌లు పక్కపక్కనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంగరం చుట్టూ బెల్టు కట్టినట్టు ఉంటాయి, నీళ్ళకి అందేది తక్కువ, స్ఫటికం కూడా గట్టిదే. రక్తంలోకి ఎక్కిస్తే మనిషి మూత్రపిండాలకి కూడా అది మంచిది కాదు. దానికి అక్కడక్కడా, ఒక పద్ధతంటూ లేకుండా, హైడ్రాక్సీప్రొపైల్ తోకలు తగిలిస్తే ఒక ఉంగరం ఇంకో ఉంగరంలా ఉండదు, పేర్చుకోవడం కుదరదు, నీళ్ళలో చాలా ఎక్కువగా కరుగుతుంది. ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు ఇంజెక్షన్‌లో ఇదివరకే వాడినది కాబట్టి భద్రత వాళ్ళని ఒప్పించడం కూడా తేలికైంది.

100 మిల్లీలీటర్లకి 35 గ్రాముల హైడ్రాక్సీప్రొపైల్ బీటా సైక్లోడెక్స్ట్రిన్ వేస్తే మందు మిల్లీలీటరుకి 12.8 దాకా కరిగింది. మేం 10 దగ్గర ఆపాం. పది రెట్లు పల్చన చేస్తే మందు 1, కరగగలిగేది 1.3. వంద రెట్లకి 0.1కి 0.19. ఎక్కడా గుంట లేదు. ద్రావణం కొంచెం చిక్కగా ఉంటుంది, సన్నటి సూదిలోంచి లాగేటప్పుడు నర్సులు విసుక్కుంటారు, అది ఒప్పుకోవాల్సిందే.

ఆఖరి టెస్ట్ జూనియర్ ఐడియా. తేటగా ఉందని కళ్ళతో చూసి నమ్మొద్దన్నది మీరే కదా అని, పాత సూదుల్ని, అంటే ఆ హైడ్రేట్ స్ఫటికాల్ని, చిటికెడు తీసి రెండు పల్చని ద్రావణాల్లోనూ కావాలనే వేశాడు. పీఈజీ నుంచి చేసినదాన్ని ఇంకా మసక రాకముందే ఆ మొదటి నిమిషంలోనే పట్టుకున్నాడు. అది చూస్తుండగానే తెల్లగా గడ్డకట్టినట్టయింది. సైక్లోడెక్స్ట్రిన్‌ది అలాగే మూతపెట్టి వదిలేశాం. మర్నాడు పొద్దున వచ్చి మైక్రోస్కోప్ కింద వెతికితే, వేసిన సూదులు కూడా లేవు.